సైకిల్ తొక్కే కాళ్లే కదా, పడవ ఎందుకు పరుగెత్తదు?

మొన్న వేసవి సెలవుల్లో ఊటీ వెళ్లాం. సరస్సులో పెడల్ బోటు ఎక్కాం, నేనూ మా మేనకోడలూ. ఆ పిల్లకి పదేళ్లు. ఏలూరులో రోజూ బడికి సైకిల్ మీదే వెళ్లొస్తుంది. బోటులో పెడళ్లు చూడగానే "ఇది నాకు వచ్చు మావయ్యా" అంటూ హుషారుగా మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు ఆపకుండా తొక్కింది. ఊటీ చలిలోనూ నుదుట చెమట పట్టింది. అవతలి ఒడ్డున ఒక నీలగిరి చెట్టుని గురుతు పెట్టుకుందట. అది చూస్తే ఇంకా అక్కడే, అంత దూరంలోనే ఉంది.

"మావయ్యా, ఇంటి దగ్గర ఇంతసేపు తొక్కితే ఈపాటికి బడికి చేరిపోయేదాన్ని. అక్కడ నేనొక్కదాన్నే. ఇక్కడ నువ్వు కూడా తొక్కుతున్నావు. అయినా ఇదెందుకు పోదు?"

"నీళ్లు కదమ్మా, అంతే మరి" అని అనేయొచ్చు. అలా అంటే పిల్ల నోరు మూతపడుతుంది గానీ జవాబు రాదు. కాళ్లు అవే, పెడళ్లూ అలాంటివే, పైగా మనిషి అదనం. మరి ఆ బలమంతా ఎక్కడికి పోయింది? ఎక్కడో ఒకచోటికి పోయే ఉంటుంది. అదెక్కడో వెతుక్కుంటూ పోదాం.

ముందు సైకిల్ సంగతి చూద్దాం. పాదం పెడల్ని నొక్కుతుంది. పెడల్ చైన్ని లాగుతుంది. చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది. చక్రం రోడ్డుని వెనక్కి నెడుతుంది. రోడ్డు కదలదు, భూమికి అతుక్కుని ఉంది కాబట్టి. అది కదలనందువల్లే సైకిల్ ముందుకు కదులుతుంది. గోడని నెట్టినప్పుడు మనమే వెనక్కి జరుగుతామే, అలాగన్నమాట. మామూలు పెద్ద సైకిల్లో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది. సైకిల్ దాదాపు 5 మీటర్లు ముందుకు వెళ్తుంది. మధ్యలో జారిపోయేది ఏమీ లేదు.

ఇప్పుడు సముద్రపు ఒడ్డున ఎండు ఇసుకలో నడవడం గుర్తు తెచ్చుకోండి. అడుగు వేసినప్పుడల్లా కాలి కింద ఇసుక వెనక్కి జారుతుంది. నాలుగడుగులకే పిక్కలు లాగుతాయి. మన బలంలో కొంత మనల్ని నడిపిస్తే, మిగతాది ఇసుకని కదపడానికి ఖర్చయిపోతుంది. నీళ్లైతే ఇసుక కంటే మెత్తన. ఆనుకుందామంటే అక్కడ గట్టిగా నిలిచేది ఏదీ లేదు. అందుకని పడవ ముందుకు పోవాలంటే ఒకటే దారి: కొంత నీటిని పట్టుకుని వెనక్కి విసరాలి. నీరు వెనక్కి పోతే దానికి ఎదురుగా పడవ ముందుకు పోతుంది.

కాళ్లతో నీటిని కదిలించడం మనవాళ్లకి కొత్త కాదు. ఒకప్పుడు పల్లెల్లో ఏతం దూలం మీద మనిషి ముందుకీ వెనక్కీ నడిచి బావిలోంచి నీళ్లు పైకి తెచ్చేవాడు. కేరళలోని కుట్టనాడులో పల్లపు పొలాల్లో నిలిచిన నీటిని బయటికి పంపడానికి చెక్క రెక్కల చక్రం ఒకటి ఉండేది. దాని పేరు కూడా చక్రమే. రైతు గట్టు మీద కట్టిన మంచె ఎక్కి కూర్చుని ఆ రెక్కల్ని ఒక్కొక్కటే కాళ్లతో తొక్కుతుంటే నీళ్లు గట్టు దాటి కాలువలో పడేవి. ఆ చక్రం గట్టుకి పాతి ఉంటుంది కాబట్టి అది కదలదు, నీళ్లే కదులుతాయి. అదే చక్రాన్ని తీసి పడవకి బిగించామనుకోండి. నీళ్లు వెనక్కీ పడవ ముందుకీ పోతాయి. పెడల్ బోటు అంటే అదే. చైనాలో సోంగ్ రాజుల కాలంలోనే సైనికులు ఇలా కాళ్లతో చక్రాలు తొక్కి యుద్ధనౌకలు నడిపారు.

బోటు దిగాక మా పిల్లకి ఒడ్డున పక్కకి ఒరిగి ఉన్న ఒక పాత బోటు చూపించాను. దాని అడుగున మధ్యలో పొడవాటి గాడి, గాడిలో రేకుల చక్రం. పెడళ్లంటే విడిగా ఏమీ లేవు. ఒకే ఇనప కడ్డీని మెలికలుగా వంచి, పాదాలు పెట్టేచోట గొట్టాలు తొడిగారు. ఆ కడ్డీయే చక్రానికి ఇరుసు. ఇరుసు చుట్టూ నాచు తాళ్లలా పేనుకుని ఎండిపోయింది. ఒక రేకు అంచు వంగిపోయి ఉంది. చైను లేదు, గేర్లు లేవు. పెడల్ ఒక్కసారి తిరిగితే చక్రమూ ఒక్కసారే తిరుగుతుంది. వెనక్కి తొక్కితే బోటు వెనక్కి వస్తుంది, బ్రేకు పని కూడా దాంతోనే. సైకిల్లో వెనక్కి తొక్కితే పెడళ్లు ఊరికే తిరుగుతాయి కదా. ఈ తేడా మా పిల్ల బోటులోనే కనిపెట్టేసింది. ఒడ్డుకి గుద్దుకోబోతుంటే నాకంటే ముందు తనే వెనక్కి తొక్కింది.

ఆ రేకుల చక్రం దగ్గరే మన బలంలో మొదటి వాటా పోతుంది. రేకు నీటిలోకి దిగేటప్పుడు అరచేత్తో నీటిని చరిచినట్టు కిందికి కొడుతుంది. ఆ దెబ్బ పడవని పైకి ఎత్తబోతుందే తప్ప ముందుకు నెట్టదు. రేకు పైకి లేచేటప్పుడు దోసిలితో ఎత్తినట్టు కాసిన్ని నీళ్లని పైకి ఎత్తి చిమ్ముతుంది. అదీ దండగే. చక్రం అడుగున, రేకు నిలువుగా ఉన్న కాసేపే నీరు సరిగ్గా వెనక్కి పోతుంది. బోటు వెనక తెల్లగా పొంగే నురగ, చెవికి ఇంపుగా వినిపించే ఆ గలగల, అన్నీ మన కాళ్ల కష్టంతో వచ్చినవే.

ఆవిరి ఓడల వాళ్లకి కూడా ఇదే సమస్య ఎదురైంది. 1845లో ఇంగ్లండు నౌకాదళం రెండు ఓడల్ని తోకలకి తాడు కట్టి ఎదురెదురుగా లాగించింది. కాగితం మీద ఇంజన్ల బలం ఇంచుమించు సమానం. ఒకటి పక్కల రేకుల చక్రాలున్న అలెక్టో. రెండోది వెనక ప్రొపెల్లర్ (నీటిలో తిరిగే పంకా) ఉన్న రాట్లర్. అలెక్టో చక్రాలు ముందుకే తిరుగుతున్నా, రాట్లర్ దాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. పంకా ఎప్పుడూ నీటిలోనే మునిగి ఉంటుంది. చరచడం, ఎత్తి చిమ్మడం ఉండవు. దాని రెక్కలు కాస్త ఏటవాలుగా ఉండి, టేబుల్ ఫ్యాను గాలిని తోసినట్టు నీటిని ఆగకుండా వెనక్కి తోస్తుంటాయి.

అలాగని పంకా అయితే చాలదు. ఎంత పెద్ద పంకా అన్నది కూడా చూడాలి. ఇక్కడ చిన్న లెక్క ఉంది, ఇంట్లో పిల్లలున్నవాళ్లు పలక మీద వేసి చూపించండి. పది కిలోల నీటిని సెకనుకి ఒక మీటరు వేగంతో వెనక్కి విసరండి. లేదా ఒక కిలో నీటినే సెకనుకి పది మీటర్ల వేగంతో విసరండి. పడవకి అందే తోపు రెండింట్లోనూ ఒకటే. కానీ మనం పెట్టే శక్తి ఒకటి కాదు. శక్తి బరువుతో పాటు పెరుగుతుంది గానీ, వేగంతో అయితే వేగం వర్గంలా పెరుగుతుంది. మొదటి పద్ధతికి 5 జౌళ్లు సరిపోతే, రెండో పద్ధతికి 50 జౌళ్లు కావాలి. పది రెట్లు! కాబట్టి మనిషి కాళ్ల లాంటి చిన్న ఇంజను ఉన్నప్పుడు ఎక్కువ నీటిని మెల్లగా తోయడమే లాభం. అందుకే పందేలకి చేసే పెడల్ పడవలకి పెద్దవీ, సన్నని పొడవాటి రెక్కలున్నవీ అయిన పంకాలు పెడతారు. అలాంటి పంకా బాగా కుదిరితే కాళ్లు పెట్టిన శక్తిలో వందకి ఎనభై ఐదు పాళ్ల పైగా తోపుగా మారుతుంది. సైకిల్ చైనుకి ఇది మరీ దూరమేమీ కాదు.

అంటే పెడల్ బోటుకి మంచి పంకా పెట్టేస్తే సైకిల్‌తో సమానంగా పోతుందా? పోదు. ఎందుకంటే రెండో వాటా ఇంకా ఉంది, అసలు పెద్దది అదే.

కాలువలో నడుం లోతు నీళ్లలో నడిచినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మెల్లగా నడిస్తే నీరు దారి ఇస్తుంది. పరుగెత్తబోతే ఛాతీకి అడ్డం పడుతుంది. గాలి కంటే నీరు ఎనిమిది వందల రెట్లకి పైగా బరువు. సైకిల్ గాలిని చీల్చుకుని పోతుంటే, పడవ ఈ బరువైన నీటిని పక్కకి తోసుకుంటూ పోవాలి. పైగా వేగం రెట్టింపైతే అడ్డుకునే బలం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. ఆ నాలుగు రెట్ల అడ్డుని రెట్టింపు వేగంతో దాటాలి కాబట్టి కాళ్లు ఎనిమిది రెట్ల శక్తి ఇవ్వాలి. మామూలు మనిషి గంటసేపు నిలకడగా తొక్కితే 75 నుంచి 100 వాట్ల శక్తి వస్తుంది. పాతకాలపు వంద వాట్ల బల్బు వెలిగేంత. ఆ శక్తితో పెడల్ బోటు గంటకి 4 కిలోమీటర్లు పోతుందనుకుందాం. 8 పోవాలంటే 800 వాట్లు కావాలి. పందెపు సైక్లిస్టు కూడా అంత శక్తిని కాసేపే ఇవ్వగలడు. అందుకే మా పిల్ల పళ్లు బిగించి తొక్కినా, తీరిగ్గా తొక్కినా ఆ చెట్టు దాదాపు ఒకేలా వచ్చింది. ఆ పిల్లకి బలం లేకపోవడం వల్ల జరిగింది కాదిది.

ఇంతటితోనూ అయిపోలేదు. పడవకి ఇంకో అడ్డం ఉంది, దాన్ని పడవే పుట్టించుకుంటుంది. పడవ ముక్కు నీటిని తోసినప్పుడు అక్కడ ఒక అల లేస్తుంది. వేగం పెరిగినకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. పెరిగి పెరిగి అల పొడవు పడవ పొడవుతో సమానమయ్యే వేగం ఒకటి వస్తుంది. అప్పుడు పడవ ముక్కు అల మీద, తోక గుంటలోకి దిగడం మొదలు. అక్కడి నుంచి ఇంకా వేగంగా పోవాలంటే తన అలనే కొండ ఎక్కినట్టు ఎక్కాలి. ఎక్కబోతే ఆ కొండ కూడా ముందుకి జరుగుతుంది. ఎనిమిదడుగుల పొట్టి బోటుకి ఈ గట్టు గంటకి 7 కిలోమీటర్ల దగ్గరే వస్తుంది. ఇరవై అడుగుల పొడుగు పడవకి 11 దాకా రాదు. పడవ సన్నగా కూడా ఉంటే ఆ అల చిన్నదిగానే లేస్తుంది. పందెపు పడవలు బెండకాయల్లా సన్నగా పొడుగ్గా ఉండటానికి కారణం ఇదే.

ఊటీ బోట్లు మరి వెడల్పుగా పొట్టిగా ఎందుకు చేశారు? సన్నని పడవ తేలిగ్గా పక్కకి పడిపోతుంది. పిల్లాజెల్లా ఎక్కేదానికి, మధ్యలో లేచి సీటు మారేవాళ్లు ఉండేదానికి వెడల్పే క్షేమం. వేగం తగ్గినా సరే, మునగకపోవడం ముఖ్యం. ఈ విషయంలో బోటు చేసినవాళ్లదే న్యాయం అంటాను.

అన్నట్టు, ఇలాంటి సరస్సుల్లో బోట్లకి హంస ఆకారం పెడతారు కదా. దానికీ ఒక కథ ఉంది. అమెరికాలోని బోస్టన్‌లో పబ్లిక్ గార్డెన్ అనే తోటలో చిన్న చెరువు ఉంది. 1877లో రాబర్ట్ పేజెట్ అనే ఆయన అందులో జనాన్ని ఎక్కించుకుని కాళ్లతో తొక్కే బోటు నడపాలనుకున్నారు. వెనక రేకుల చక్రం, దాని మీద కూర్చుని తొక్కే మనిషి చూడ్డానికి బాగోలేదు. లోహెన్‌గ్రిన్ అనే జర్మను సంగీత నాటకంలో హంస లాగే పడవ ఒకటి వస్తుంది. అది తలచుకుని ఆయన ఆ మనిషికీ చక్రానికీ చుట్టూ పెద్ద హంస బొమ్మ కట్టారు. మరుసటి ఏడే ఆయన పోయారు. భార్య జూలియా ఆ పని అందుకున్నారు. ఆ కుటుంబమే నేటికీ ఆ హంస పడవలు నడుపుతోంది. వాటిని ఇప్పటికీ మనుషులే తొక్కుతారు.

సరే, మా పిల్ల ప్రశ్నకి వద్దాం. అవే కాళ్లకి నేల మీదా నీటి మీదా ఎంత తేడా వస్తుందో కొలిచి చూపించిన మనిషి ఒకాయన ఉన్నారు. కెనడాకి చెందిన గ్రెగ్ కొలోజిజిక్. 2006లో కాలిఫోర్నియాలో ఒక రేసు ట్రాక్ మీద, గాలి తగలకుండా గుడ్డులాంటి డొప్ప కప్పిన, వెనక్కి వాలి తొక్కే సైకిల్ మీద 24 గంటల్లో 1,041 కిలోమీటర్లు తొక్కారు. రెండేళ్ల తరవాత, 2008 జూన్‌లో మోంటానా రాష్ట్రంలోని వైట్‌ఫిష్ సరస్సులో సన్నని పొడుగాటి పెడల్ పడవ మీద అవే 24 గంటలు తొక్కారు. ఈసారి 245 కిలోమీటర్లు. నేల మీద గంటకి సగటున 43, నీటి మీద 10. మనిషి ఒకడే, పట్టుదలా తక్కువ కాదు, పడవ కూడా సాటిలేనిది. అయినా తేడా నాలుగు రెట్లు. ఇది విన్నాక మా పిల్ల ముఖం కాస్త తేటపడింది. అంతటి ఆయనకే అలా అయిందంటే, ఊటీ బోటులో మనకి అయింది తక్కువేమీ కాదని తోచి ఉంటుంది.

నీరే అడ్డం అయితే నీటిలోంచి పైకి లేచిపోతే? ఆ ఆలోచన కూడా వచ్చింది. విమానం రెక్క గాలిలో పైకి లేచినట్టే, పడవ అడుగున నీళ్లలో సన్నని రెక్క పెడితే వేగం అందుకున్నాక అది పడవని మొత్తం పైకి ఎత్తేస్తుంది. దాన్ని హైడ్రోఫాయిల్ (నీటి రెక్క) అంటారు. అప్పుడు నీటిలో మిగిలేది ఆ చిన్న రెక్కే కాబట్టి పక్కకి తోయాల్సిన నీరు, లేచే అల రెండూ తగ్గిపోతాయి. 1984లో అమెరికాలో అలన్ ఆబట్, అలెక్ బ్రూక్స్ అనే ఇద్దరు ఫ్లయింగ్ ఫిష్ పేరుతో పెడళ్లతో ఇలా లేచే పడవ చేశారు. ఆబట్ అంతకు ముందే, 1973లో, కారు వెనక గాలి తగలకుండా సైకిల్ తొక్కి గంటకి 223 కిలోమీటర్ల వేగం అందుకున్న మనిషి. ఆ తరవాత అక్కడి ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో మార్క్ డ్రెలా బృందం డెకవిటేటర్ అనే ఇలాంటి పడవే చేసింది. 1991 అక్టోబరు 27న బోస్టన్ దగ్గరి చార్లెస్ నదిలో డ్రెలా స్వయంగా తొక్కి, వంద మీటర్ల మీద 18.5 నాట్ల వేగం తీశారు. గంటకి 34 కిలోమీటర్లు. దానికి పంకా నీళ్లలో కాక పైన గాలిలో తిరుగుతుంది. డ్రెలా అంతకు మూడేళ్ల క్రితం డెడలస్ అనే పెడల్ విమానం చేసినవాళ్లలో ఒకరు. ఆ విమానాన్ని క్రీటు దీవి నుంచి సముద్రం మీదుగా తొక్కుకుంటూ వెళ్లింది గ్రీసు సైక్లింగ్ చాంపియన్ కనెలోస్ కనెలోపులోస్.

సైకిల్ తొక్కేవాళ్లు ఇలా నీటి మీదికీ గాలిలోకీ కూడా పెడళ్లు పట్టుకుపోతున్నారు, గమనించారా? మా పిల్ల రెండో ప్రశ్న అదే. రాత్రి గదిలో దుప్పటి కప్పుకుని అడిగింది. "ఇంత నెమ్మది కదా మావయ్యా. మరి సైకిల్ వాళ్లకి అదంటే ఎందుకంత ఇష్టం?"

కాళ్ల సంగతితో మొదలుపెడతాను. మన ఒంట్లో పెద్ద కండలు తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉన్నాయి. చేతులతో తెడ్డు వేస్తే అరగంటకి భుజాలు పట్టేస్తాయి. కాళ్లు గంటల తరబడి తిరుగుతాయి. తెడ్డు పందేల్లో జారుడు సీటు మీద కూర్చుని వాళ్లూ కాళ్లతోనే నెడతారు. ఆ నేర్పుకి దండం పెట్టాల్సిందే. కాకపోతే ఆ నేర్పు రావడానికి ఏళ్లు పడుతుంది. సైకిల్ వచ్చినవాడికి పెడల్ పడవలో కొత్తగా నేర్చుకునేది దాదాపు ఏమీ లేదు. కాలికి అలవాటైన ఆ గుండ్రని తిరుగుడు, దానితో కలిసిపోయే ఊపిరి, అవన్నీ ఉన్నవి ఉన్నట్టు నీటి మీదికి వచ్చేస్తాయి. తెడ్డు పడవలో వెళ్లేవైపు వీపు పెట్టి కూర్చోవాలి. పెడల్ పడవలో ముందుకే చూస్తాం. చేతులు కూడా ఖాళీ. గొడుగు పట్టుకోవచ్చు, కొంగల్ని చూడటానికి బైనాక్యులర్ పట్టుకోవచ్చు, గాలం వేయొచ్చు. హోబీ అనే అమెరికా కంపెనీ 1997లో పెంగ్విన్ ఈదినట్టు రెండు రెక్కలు అడుగున ఊగే పెడల్ పడవ తెచ్చింది. చేపలు పట్టేవాళ్లు దాన్ని తెగ మెచ్చుకున్నారు. చేతులు గాలానికి, కాళ్లు పడవకి.

దూరాలు పోయే సైక్లిస్టుకి ఇంకో సుఖం కూడా ఉంది. రోడ్డు మీద లారీలు, గతుకులు, కుక్కలు. నీటి మీద అవేవీ లేవు, ఎత్తుపల్లాలూ లేవు. ఎదురుగాలి మాత్రం ఉంటుంది, దాంతో వాళ్లకి ఎప్పటి నుంచో పరిచయమే. వేగం పెంచుదామని తొందరపడితే ఒరిగేది లేదని నీరు త్వరగానే నేర్పేస్తుంది. దాంతో ఒక నిలకడ వేగం పట్టుకుని గంటల కొద్దీ అలాగే తొక్కుతారు. దూరం తొక్కేవాళ్లు సైకిల్ మీద వెతుక్కునే సుఖం కూడా సరిగ్గా అదే.

ఆ నిలకడ ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి జేసన్ లూయిస్ అనే ఇంగ్లండు మనిషి చాలు. 1994 జూలైలో లండన్‌లోని గ్రీనిచ్ నుంచి మిత్రుడు స్టీవ్ స్మిత్‌తో బయల్దేరారు. ఇంజను లేకుండా, తెరచాప లేకుండా, మనిషి బలంతోనే భూమిని చుట్టాలని. వాళ్ల చెక్క పడవ 26 అడుగులు. దాని పేరు మోక్ష. పోర్చుగల్ నుంచి అమెరికాలోని మయామీ దాకా అట్లాంటిక్ మహాసముద్రాన్ని వంతులవారీగా తొక్కుతూ 111 రోజుల్లో దాటారు. ఆ తరవాత లూయిస్ కొన్నాళ్లు ఒంటరిగా, కొన్నాళ్లు తోడుతో ముందుకు సాగారు. నేల మీద సైకిలూ స్కేటింగూ నడకా, నీటి మీద మోక్ష. హిమాలయాలు దాటి మన దేశంలోకి వచ్చి, సైకిల్ మీద ముంబయి చేరి, అక్కడి నుంచి మళ్లీ మోక్ష ఎక్కి అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాలోని జిబూతీకి తొక్కుకుంటూ వెళ్లారు. 2007 అక్టోబరు 6న గ్రీనిచ్‌కి తిరిగొచ్చేసరికి పదమూడేళ్లు గడిచాయి, 74,842 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మహాసముద్రం మీద మోక్ష వేగం మనిషి నడక వేగం కంటే గొప్పదేమీ కాదు. ఆగకుండా తొక్కడమే దాని బలం.

ఇంత దూరం పోకుండా మన దేశంలోనే, అవసరం కోసం చేసిన పని కూడా ఒకటుంది. నాకైతే అన్నింటికంటే అదే ఎక్కువ ఇష్టం. బీహారులోని మోతీహారికి చెందిన మహమ్మద్ సైదుల్లా. 1975 వరదల్లో ఊళ్లు నీట మునిగి, దాటాలంటే పడవకి డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. ఆయన దగ్గర ఉన్నది సైకిల్. దానికే ముందు రెండు, వెనక రెండు గాలి డబ్బాలు బిగించి తేలేలా చేశారు. వెనక చక్రం పుల్లలకి పంకా రెక్కలు అమర్చారు. నీటిలో తొక్కితే చక్రంతో పాటు ఆ రెక్కలూ తిరిగి సైకిల్‌ని ముందుకు నెడతాయి. ఒడ్డు రాగానే డబ్బాల్ని పైకి మడిచేసి, దిగకుండా రోడ్డు మీద వెళ్లిపోవచ్చు. 2005లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆయనకి జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది. ఈ కథ చెబుతుంటే మా పిల్ల లేచి కూర్చుంది. "అయితే నా సైకిల్‌కి కూడా పెట్టొచ్చా?" అంది. పెట్టొచ్చు గానీ, ఏలూరు కాలువలో కాదని మా అక్క పక్క మంచం మీద నుంచి చెప్పింది.

మీ పిల్లలతో ఎప్పుడైనా పెడల్ బోటు ఎక్కితే ఒక చిన్న పరీక్ష చేయించండి. బోటు బాగా కదిలాక ఒక్కసారి పెడళ్లు ఆపేసి, ఆగేదాకా అంకెలు లెక్కపెట్టమనండి. తరవాత ఇంటికొచ్చి, చదునైన రోడ్డు మీద సైకిల్ పెడళ్లు ఆపేసి అలాగే లెక్కపెట్టమనండి. రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే నీటి అడ్డం ఎంతో వాళ్లకే తెలిసిపోతుంది. తొక్కేటప్పుడు మొదట్లోనే బలమంతా పెట్టొద్దని చెప్పండి. బడికి వెళ్లేటప్పటిలా తీరిగ్గా తొక్కితే బోటు దాదాపు అంతే దూరం పోతుంది, కాళ్లూ నొప్పిపుట్టవు. ఇద్దరిలో బరువైనవాళ్లు ఒకవైపే ఉండిపోతే బోటు ఒరుగుతుంది కాబట్టి సామాను తేలికవైపు పెట్టండి. పెడళ్లు హఠాత్తుగా బరువెక్కితే చక్రానికి నాచు చుట్టుకుందన్నమాట. నాలుగుసార్లు వెనక్కి తొక్కితే చాలావరకు ఊడిపోతుంది, చెయ్యి మాత్రం పెట్టొద్దు. లైఫ్ జాకెట్ తడిగా ఉందనో, వాసన వస్తోందనో ఒడిలో పెట్టుకుని కూర్చునేవాళ్లని ఆ రోజు చాలామందిని చూశాను. దయచేసి తొడుక్కోండి, పిల్లలకి తొడిగి తాళ్లు బిగించి కట్టండి.